టక్కుమనే కోడిపిల్ల

బెత్లెహెమ్, పెన్సిల్వేనియా
1987 మార్చి 9

పౌలీనా,

నీ ఉత్తరం అందింది. అందులో తప్పులు మూడున్నాయి. కొత్తగా పెళ్ళయిన పిల్లవని వదిలేస్తున్నాను. నా తరగతిలో రాసి ఉంటే ఎర్ర సిరా పడేది.

ఈస్టర్‌కు రావడం లేదని రాశావు. ఆ వారమంతా రాయిస్‌కు పడవ మీద డ్యూటీ ఉంటే మొగుణ్ణి వదిలి నువ్వొక్కదానివే ఎలా వస్తావని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. బాధపడలేదు. ఉన్నమాట చెప్పాలంటే రెండు రోజులు బాధపడి, మూడో రోజు బీరువాలన్నీ దించి సర్దాను. మీ అమ్మ వచ్చి చూసి, "ఎవరి మీద కోపం?" అంది. దుమ్ము మీద అన్నాను.

నువ్వు రాకపోతే పండగే నీ దగ్గరికి రావాలి కనుక ఈ పార్సెల్‌లో రెండు ప్యాకెట్ల మెత్తని, చక్కెర అద్దిన మార్ష్‌మాలో కోడిపిల్లలు పెట్టాను. ఒకటి పసుపు, ఒకటి గులాబి. గాల్వెస్టన్ అంగళ్ళలోనూ అవి దొరుకుతాయని తెలుసు. అయినా అవి మన ఊళ్ళో తయారయ్యే మిఠాయి. మన ఊరి మనిషి చేతి మీదుగా రావడం మర్యాద.

ఆ మెత్తని మిఠాయిని రాయిలా ఎండబెట్టే పద్ధతి నీకు తెలిసిందే. తెలిసిందే అనుకున్నవే మనుషులు చెడగొడతారు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. ఈస్టర్ ముందరి నలభై రోజుల తపస్కాలం సగమైన ఆదివారం నాడు ప్యాకెట్టు పై కాగితం కోసి, కోడిపిల్లల్ని పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టు. పళ్ళేన్ని రోజూ సగం చుట్టు తిప్పు. లేకపోతే ఒక పక్కే ఎండుతుంది. ఇక్కడ ఆ తిప్పే పని మీ మిలన్ మామయ్య కూతురు టెస్సీకి అప్పగించాను. ఆరేళ్ళది. ముందు పళ్ళు రెండూ ఊడి, నవ్వితే గేటు తెరిచిన పెరడులా ఉంటుంది. అయినా పనిలో మాత్రం నీకంటే నమ్మకస్తురాలు.

ఈస్టర్ మధ్యాహ్నం ఎప్పటిలాగే తొలి కొరుకు నాదే. కోడిపిల్ల తల టక్కుమని మోగాలి, మోగాకే తక్కినవాళ్ళు చెయ్యి చాపాలి. మీ తాతయ్య పెట్టిన కట్టుబాటు అది. ఉక్కు ఫ్యాక్టరీలో సుత్తితో కొట్టి, చప్పుడు విని మంచిచెడ్డలు చెప్పే మనిషి కదా, ఇంటికొచ్చి మార్ష్‌మాలోను కూడా వదల్లేదు. ఆయన పోయాక, ఇంట్లో పెద్దదాన్నని ఆయన కుర్చీ, తొలి కొరుకు నాకొచ్చాయి. నా తర్వాత వయసు మా ఆడపడుచు ఆగ్నెసాది. ఆవిడ నిన్న మళ్ళీ వచ్చి, "వదినా, ఒంట్లో బాగుందా? ఈ ఏడూ నువ్వే కొరుకుతావు కదా?" అని అడిగింది. కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తున్నట్టుంది.

నేను బాగానే ఉన్నాను. వచ్చే వారం పళ్ళ డాక్టరు దగ్గర ఒక చిన్న మరమ్మతు ఉంది.

అమ్మమ్మ


గాల్వెస్టన్, టెక్సస్
1987 మార్చి 22

అమ్మమ్మా,

ఈ ఉత్తరాన్ని రెండుసార్లు దిద్దాను. తప్పులుంటే పోస్టువాళ్ళవి.

నువ్వు చెప్పిన ఆదివారం దాకా ఆగలేకపోయాను. పార్సెల్ విప్పగానే మన ఇంటి వంటగది వాసన వచ్చింది, అంతే, అప్పుడే కత్తెర తీసుకున్నాను. దానికి శిక్ష పడింది. ఇక్కడ కోడిపిల్లలు ఎండటం లేదు.

ఎండకపోవడం కూడా కాదు, చెమట పడుతున్నాయి. మొదటి రోజు మెరిశాయి. రెండో రోజు చక్కెర కరిగి, పసుపు నీళ్ళు కారాయి. మూడో రోజు ఒకదాన్ని ఎత్తబోతే పళ్ళెం కూడా లేచింది. ఈ దీవిలో ఉప్పు డబ్బాలోంచి ఉప్పు రాలదు, తువ్వాలు ఆరదు, తలుపు సరిగా మూసుకోదు. నేనేమో ఇక్కడ కోడిపిల్లను టక్కుమనిపిస్తానని మా అత్తగారితో గొప్పలు చెప్పాను. ఆవిడ రోజూ వచ్చి పళ్ళెం చూసి, పాపం ఏమీ అనకుండా వెళ్ళిపోతోంది. అదే ఎక్కువ బాధగా ఉంది.

రాయిస్ నిన్న ఒకదాన్ని చెంచాతో తీసి నోట్లో వేసుకున్నాడు. "బాగానే ఉంది కదా, దీన్ని రాయి చేయడం ఎందుకు?" అన్నాడు. నేను వంటగదిలోంచి లేచి వెళ్ళిపోయాను. కాసేపటికి వచ్చి, "మీ అమ్మమ్మకు చెప్పకు" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

అమ్మమ్మా, ఒక్క సంగతి. అమ్మ ఫోన్‌లో, "అమ్మమ్మ వారం నుంచి సూప్ తప్ప ఏమీ తినడం లేదు, మాట్లాడితే చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటోంది, జలుబంటోంది" అని చెప్పింది. ఆ చిన్న మరమ్మతు ఎంత చిన్నది?

పౌలీనా


బెత్లెహెమ్
1987 ఏప్రిల్ 2

పౌలీనా,

ముందు నీ సంగతి. ఇల్లు సరిగా ఉంచుకునేవాళ్ళ ఇంట్లో తేమ చేరదు. కిటికీలు మూసెయ్. పళ్ళేన్ని పొయ్యికి దూరంగా ఎత్తు మీద పెట్టు. సముద్రాన్ని తప్పు పట్టడం సోమరితనం.

ఇక నా సంగతి. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

పై వరస మొత్తం పోయింది. ఒక్కటి కూడా మిగల్లేదు. డాక్టరు కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర రేఖాగణితం చదువుకున్నవాడే. నోరు తెరవమని చెప్పి, అద్దం పెట్టి చూసి, "టీచర్, మీరు మాకు చెప్పేవారు కదా, పునాది లేని చోట కట్టడం నిలబడదని" అన్నాడు. వాడికి ఆ రోజుల్లో అన్ని మార్కులు వేసినందుకు పశ్చాత్తాపపడ్డాను.

ఇప్పుడు నాకు కట్టుడు పళ్ళు. చూడ్డానికి నా పళ్ళకంటే అందంగా ఉన్నాయి. అదే అనుమానంగా ఉంది. మాట్లాడుతుంటే నాకంటే అర క్షణం వెనక పడతాయి. "స", "శ" అన్నప్పుడల్లా ఈల వస్తుంది. మొన్న పూజలో "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అనేసరికి ముందు బెంచీలో కూర్చున్నాయన కుక్క ఎక్కడుందా అని వెనక్కి తిరిగి చూశాడు. అప్పటినుంచి పెదవులు మాత్రమే కదుపుతున్నాను. దేవుడికి పెదవులు చదవడం వచ్చే ఉంటుంది.

మీ అమ్మకు చెప్పలేదు. చెబితే మధ్యాహ్నానికి మిలన్‌కు తెలుస్తుంది, సాయంత్రానికి ఆగ్నెసాకు తెలుస్తుంది. ఆవిడ నిన్న వచ్చి, బల్ల మీద ఎండుతున్న కోడిపిల్లల్ని బొటనవేలితో నొక్కి చూసి, "ఈసారి అప్పుడే గట్టిపడుతున్నాయే వదినా" అంది. ఎందుకు నొక్కింది? తన సరుకు చూసుకుంటోంది. పైగా ఎంత పొదుపు మనిషో నీకు తెలుసుగా, ప్రతి ఏడూ తన వంతు కోడిపిల్లను బల్ల దగ్గర తినదు, రుమాల్లో చుట్టుకుని ఇంటికి పట్టుకుపోతుంది. అలాంటి మనిషి తొలి కొరుకు కొరికి, మీ తాతయ్య కుర్చీలో కూర్చుంటే నేను చూడలేను.

కష్టం ఏమిటంటే, సాధన చేద్దామంటే దారి లేదు. తపస్కాలానికి తీపి మానేశాను. కాబట్టి ఎండు రొట్టె అంచుల మీద సాధన చేస్తున్నాను. నిన్న రొట్టె నెగ్గింది. క్యారెట్టు జోలికి వెళ్ళలేదు. నలభై ఏళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషిని, ఒక రొట్టె ముక్కకు భయపడి వంటగదిలో తలుపు గడియ పెట్టుకుంటున్నాను. మీ తాతయ్య ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆయన ఉంటే తొలి కొరుకు ఆయనే కొరికేవాడు, అది వేరే సంగతి.

అమ్మమ్మ


గాల్వెస్టన్
1987 ఏప్రిల్ 8

అమ్మమ్మా,

ఉత్తరం చింపాను. చింపే ముందు రాయిస్‌కు చదివి వినిపించాను, క్షమించు. కుక్క దగ్గర ఆపాల్సి వచ్చింది. అతనికి నవ్వుతో ఊపిరాడలేదు.

కిటికీలన్నీ మూశాను. ఇల్లు ఆవిరి స్నానాల గదిలా తయారైంది, కోడిపిల్లలు ఇంకా మెత్తబడ్డాయి. ఇలా కాదని రెండో ప్యాకెట్టు ఓవెన్‌లో సన్నని సెగ మీద పెట్టి, బట్టలు తీయడానికి బయటికి వెళ్ళాను. వచ్చి చూసేసరికి గులాబి రంగు చెరువు, అందులో తేలుతున్న చిన్న చిన్న కళ్ళు. ఓవెన్ గోకుతూ గంటసేపు ఏడ్చాను. కోడిపిల్లల కోసమే ఏడ్చానని నేను అనుకోవడం లేదు. మీరందరూ ఆ బల్ల చుట్టూ కూర్చుని, నువ్వు కొరికే చప్పుడు కోసం ఊపిరి బిగబట్టే ఆ ఒక్క క్షణం ఉంటుంది చూడు, దాని కోసం.

అందుకే ఆ క్షణం చెడిపోకూడదు. నేను ఆలోచించాను. తాజా ప్యాకెట్టు ఒకటి కొను. అందులోంచి మెత్తని కోడిపిల్లను ఒకదాన్ని పళ్ళెంలో నీ వైపు పెట్టు. చూడ్డానికి తేడా తెలియదు. చప్పుడు కోసం ఇంకో చేత్తో బల్ల కింద ఏదైనా విరిచెయ్. అక్రోటు కాయ, ఎండు పుల్ల, ఏదైనా సరే.

లేదంటే ఆగ్నెసా మామ్మకు ఇచ్చెయ్ అమ్మమ్మా. ఒక కొరుకే కదా.

పౌలీనా


బెత్లెహెమ్
1987 ఏప్రిల్ 13

పౌలీనా,

ఒక కొరుకే కదా అని నువ్వెలా రాశావో నాకు అర్థం కాలేదు. పెన్ను జారి ఉంటుందనుకుంటున్నాను.

నీ ఉపాయం గురించి. జీవితమంతా, సాధించి చూపనిదే ఏదీ ఒప్పుకోకూడదని పిల్లలకు నేర్పినదాన్ని. ఇప్పుడు పండగ పూట, కుటుంబం ముందు, బల్ల కింద చెయ్యి పెట్టి మోసం చేస్తానా? నా గురించి నీకు అంత తక్కువ అభిప్రాయం ఉన్నందుకు బాధగా ఉంది.

ఇంతవరకు ఉదయం రాశాను. ఇప్పుడు సాయంత్రం.

పిండి డబ్బా వెనక ఒక తాజా ప్యాకెట్టు ఉంది. అదెలా వచ్చిందో వివరించడం కష్టం. నేను బజారుకు వెళ్ళి కొన్నాను, అలా వచ్చింది.

అక్రోటు పనికిరాదు. వంటగదిలో ఒకటి పగలగొట్టి చూశాను. తుపాకీ పేలినట్టుంది, పిల్లి మెట్ల కిందికి పోయి ఇంకా రాలేదు. ఎండు పుల్లకు ప్రాణం లేదు. సూప్‌లో వేసే ఎండు నూడుల్స్ పిడికిట్లో పట్టుకుని నలిపితే మాత్రం సరిగ్గా ఆ చప్పుడే వస్తుంది. మీ తాతయ్య విన్నా ఒప్పుకునేవాడు. అద్దం ముందు కూర్చుని కుడిచేత్తో నోటి దగ్గర ఏమీ లేకుండా కొరుకుతున్నట్టు, ఎడమచేత్తో ఒడిలో నూడుల్స్ నలుపుతూ సాధన చేశాను. రెండూ ఒకేసారి రావడం కష్టమే. డెబ్బై రెండేళ్ళ వయసులో, గుడ్ ఫ్రైడే ఉన్న వారంలో, నేను చేస్తున్న ధ్యానం ఇది. పాపసంకీర్తనలో ఫాదర్‌కు దీన్ని పది ఆజ్ఞల్లో ఏ ఆజ్ఞ కింద చెప్పాలో తెలియక చెప్పలేదు.

ఆగ్నెసా ఇవాళ మళ్ళీ వచ్చింది. నా ముఖంలోకి చూసి, "చిక్కిపోయావు వదినా, బాగా తిను, నువ్వు గట్టిగా ఉండాలి" అంది. చేతిలో నా కోసం చికెన్ సూప్. సూపే ఎందుకు తెచ్చింది? ఏమైనా పసిగట్టిందా? అప్పటినుంచి అదే ఆలోచన. సూప్ బాగుంది.

అమ్మమ్మ


బెత్లెహెమ్
1987 ఏప్రిల్ 20, ఈస్టర్ సోమవారం

పౌలీనా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పేలోపు ఈ ఉత్తరం చేరదని తెలుసు. అయినా జరిగింది జరిగినట్టు రాసి ఉంచడం నా పని. మీ అమ్మ మధ్యలో నవ్వుతుంది, సగమే చెబుతుంది.

శనివారం పండగ తిండి బుట్టను చర్చిలో దీవింపజేసుకుని వచ్చాం. రొట్టె, హామ్, గుడ్ల జున్ను, వెన్నతో చేసిన గొర్రెపిల్ల, ముక్కుల్లోంచి పొగలు తెప్పించే ముల్లంగి పచ్చడి, అన్నీ కుదిరాయి. నిన్న పూజ అయ్యాక, బల్ల వేసే ముందు, పిండి డబ్బా వెనక నుంచి మెత్తని కోడిపిల్లను తీసి పళ్ళెంలో నా కుర్చీ వైపు పెట్టాను. ఒడిలో నేప్‌కిన్ కింద నూడుల్స్. బల్లకు ఈ కొసన నేను, ఆ కొసన ఆగ్నెసా.

భోజనం అయింది. అందరూ మాటలు ఆపారు. నేను చెయ్యి చాపి నా ముందున్న కోడిపిల్లను తీసుకుని తల కొరికాను, ఎడమచేత్తో నూడుల్స్ నలిపాను. రెండూ ఒకేసారి వచ్చాయి. సాధన వృథా పోలేదు. టక్కుమంది.

"మోగింది" అన్నాడు మిలన్. పిల్లలు చేతులు చాపారు.

నేను మాత్రం కొరుకుతూనే ఉన్నాను. కోడిపిల్ల రాయిలా ఉంది. వెనక్కి లాగాను. వచ్చింది. దాంతోపాటు పై పళ్ళన్నీ వచ్చాయి. నా చేతిలో కోడిపిల్ల, కోడిపిల్ల నెత్తి మీద నా నవ్వు.

బల్ల మీద ఎంత నిశ్శబ్దమంటే, ఒడిలోంచి నూడుల్స్ పొడి నేల మీద రాలడం వినిపించింది. పిల్లి వచ్చి వాసన చూసింది.

"నానమ్మా," అంది టెస్సీ మెల్లగా, "కోడిపిల్ల నిన్ను కరిచింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి నా అనుమతి కావాలని నలభై ఏళ్ళుగా నేర్పింది నేనే. నేను టెస్సీని చూశాను. "పళ్ళెం ఎవరు ముట్టుకున్నారు?" అన్నాను. పళ్ళు లేవు కాబట్టి అది వేరే భాషలా వినిపించింది. అయినా దానికి అర్థమైంది. దానికీ అదే భాష.

"నేనే. ఇవాళ పండగ హడావిడిలో మర్చిపోయారని ఇందాక సగం చుట్టు తిప్పాను. రోజూ తిప్పమన్నావుగా."

తిప్పమన్నాను. తిప్పకపోతే తిట్టేదాన్ని కూడా.

ఇక లేచి నిలబడి తీర్పు చెప్పాను. మోగింది నూడుల్, కోడిపిల్ల కాదు. కాబట్టి తొలి కొరుకు చెల్లదు. హక్కు ఆగ్నెసాది. మీ తాతయ్య కుర్చీ కూడా ఆవిడదే. ఈ మాటలు చెబుతుంటే నా గొంతు వణికిందని మీ అమ్మ నీకు చెబుతుంది. పళ్ళు లేకపోవడం వల్ల వణికింది.

ఆగ్నెసా ముఖం బల్లగుడ్డకంటే తెల్లబడింది.

"నాకెందుకు వదినా. పెద్దదానివి నువ్వుండగా."

"కట్టుబాటు కట్టుబాటే. కొరుకు."

"ఇంటికి పట్టుకెళ్ళి కొరుకుతాను."

"ఇక్కడే."

ఆవిడ మా అందరి ముఖాలూ ఒకసారి చూసుకుంది, కడసారి చూపులా. సిలువ గుర్తు వేసుకుని తన ముందున్న కోడిపిల్లను తీసుకుని, కళ్ళు మూసుకుని కొరికింది. చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచింది.

"వదినా," అంది. "ఇది మెత్తగా ఉంది."

ఒక మనిషి ఆ మాటను అంత సంతోషంగా అనగా నేనెప్పుడూ వినలేదు. కన్నీళ్ళు కారిపోతున్నాయి. నేను పెట్టిన మెత్తని కోడిపిల్ల పళ్ళెంతోపాటు తిరిగి ఆవిడ ముందుకు చేరింది.

అప్పుడు చెప్పింది. మీ తాతయ్య పోయిన ఏడాదే ఆవిడకు పైవీ కిందివీ రెండు వరసల పళ్ళూ పోయాయట. "అన్న కూడా లేడు, ఇక నీ తర్వాత నేనేనని తెలిసినప్పటినుంచి నాకు నిద్ర లేదు. ప్రతి ఈస్టర్ ముందూ నీకు ఏమీ కాకూడదని కొవ్వొత్తి వెలిగిస్తాను."

"నా మీద అంత ప్రేమా?" అన్నాను.

"ప్రేమే. కొంత భయం కూడా."

రుమాల్లో చుట్టుకుపోయిన కోడిపిల్లల సంగతి అడిగాను. ఇంటికెళ్ళి వేడి కాఫీలో ముంచి నానబెట్టుకుని తినేదట, ఒక్కతే, వంటగదిలో, తలుపు గడియ పెట్టుకుని. నేను పొదుపు అని రాసిన మాట నీ దగ్గర ఉంటే అదీ చింపెయ్యి.

ఇంకా కోడిపిల్ల మోగలేదు, పిల్లలు చేతులు చాపి ఎదురుచూస్తున్నారు. మా ఇద్దరి తర్వాత వయసు మిలన్‌ది. వాడు కోడిపిల్లను పైకెత్తాడు కూడా. అంతలో టెస్సీ ఒకదాన్ని తీసుకుని, ముందు పళ్ళు లేవు కనుక, నోటి పక్కకు తోసి దవడ పళ్ళతో కొరికింది. టక్కుమంది. ఆ చప్పుడుకు మిలన్ చెయ్యి దించాడు. అచ్చం మీ తాతయ్య కొరికినట్టే. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టాం. కాళ్ళు నేలకు అందలేదు.

తర్వాత అందరూ నవ్వారు. ముందు నేనే నవ్వాను, లేకపోతే వాళ్ళు ఇంకా బిగబట్టుకునే ఉండేవారు. ఆగ్నెసా, నేను వంటగదిలో ఒకే కప్పు కాఫీలో రెండు కోడిపిల్లల్ని ముంచుకుని తిన్నాం. గడియ పెట్టుకోలేదు.

అమ్మమ్మ


గాల్వెస్టన్
1987 మే 3

అమ్మమ్మా,

అమ్మ ఫోన్‌లో "కోడిపిల్ల నెత్తి మీద" దాకా వచ్చి పెట్టేసింది. తక్కినదంతా నీ ఉత్తరంలోనే చదివాను. రాయిస్ ఇప్పుడు ఎవరు కనబడినా, "మా ఆవిడ అమ్మమ్మను కోడిపిల్ల కరిచింది" అంటున్నాడు. పడవల రేవులో ఒకాయన నిజంగా దెబ్బ తగ్గిందా అని అడిగాడు.

నా ఈస్టర్ నీకు రాయలేదు. రాయడానికి ఏమీ లేదనుకున్నాను. మా అత్తగారు రమ్మంటే, తలనొప్పని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాను. ఎండని కోడిపిల్లల పళ్ళెం ముందు మధ్యాహ్నమంతా ఒక్కదాన్నే కూర్చున్నాను. మీరందరూ ఇప్పుడు బల్ల దగ్గర ఉంటారు, ఇప్పుడు మోగి ఉంటుంది అనుకుంటూ. సోమవారం పొద్దున రాయిస్ పడవ దిగి వచ్చాడు. రెండు చెంచాలు తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం గోకి గోకి తిన్నాం. బాగున్నాయి అమ్మమ్మా. ఒప్పుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

వచ్చే ఈస్టర్‌కు నువ్వు ఇక్కడికి రా. ఆగ్నెసా మామ్మను కూడా తీసుకురా. ఈ ఊళ్ళో ఎవరికీ పళ్ళతో పని లేదు. ఇక్కడ ఏదీ గట్టిపడదు. అమ్మమ్మా, నీకు వీలైతేనే రా.

పౌలీనా


బెత్లెహెమ్
1988 ఫిబ్రవరి 15

పౌలీనా,

బస్సు టికెట్లు తీసుకున్నాం. ఆగ్నెసా కిటికీ పక్క సీటు కావాలంది. ఇచ్చాను. ఇక్కడి కుర్చీలో టెస్సీ కూర్చుంటుంది. దానికి ముందు పళ్ళు వచ్చేశాయి, గర్వం కూడా వచ్చింది. కాళ్ళు ఇంకా అందడం లేదు.

మేం సముద్రం చూడటానికి వస్తున్నాం. అయినా ఎలాగూ వస్తున్నాం కాబట్టి నేను పంపే ప్యాకెట్లు అందగానే కోసి పెట్టు. ఎత్తు మీద పెట్టకు. కిటికీలు మూయకు. గాల్వెస్టన్ తేమ గురించి నిరుడు నేను రాసినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. పళ్ళెం తిప్పాల్సిన పని కూడా లేదు. చెంచాలు నాలుగు చాలు.

నీ మే నెల ఉత్తరం మళ్ళీ చదివాను. తప్పు ఒక్కటే ఉంది. చివరి వాక్యంలో "వీలైతేనే" అన్న మాట అనవసరం.

అమ్మమ్మ